జమ్ములంక ప్రయాణాలు

ఆఫీసు నుంచి ఫోను వచ్చేసరికి నజ్మా అత్తిలి బస్టాండులో నిలబడి, తన జట్టులో వాళ్లకి మర్నాటి పని పంచుతోంది. "రేపు పొద్దున్న ఒకసారి ఏలూరు ఆఫీసుకి రండి నజ్మాగారూ, కొంచెం మాట్లాడాలి" అన్నాడు వెంకటకృష్ణ. ఏ పనైనా ఫోనులోనే తేల్చేసే మనిషి. అలాంటివాడు మాట్లాడాలన్నాడంటే అది మంచి కబురు కాదని ఆమెకి తెలిసిపోయింది. ఇంటికి చేరేదాకా బస్సు కిటికీ పక్కన కూర్చుని, తను ఎక్కడ ఏం పొరపాటు చేసి ఉంటుందా అని తవ్వుకుంటూనే ఉంది.

అది రెండువేల ఏడు, ఫిబ్రవరి. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, వాటికి దిగువన కొల్లేటి లంకలు, ఇంత ప్రాంతానికీ ఇరవయ్యేళ్ల తర్వాత ఏ రోడ్డు మీద ఎంత రద్దీ ఉంటుందో ముందుగా లెక్క కట్టే పని ఒక హైదరాబాదు కంపెనీ చేతికి వచ్చింది. పవర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదులు తీసుకుని ఆఫీసు పెట్టారు. వెంకటకృష్ణ అక్కడ ఇంజనీరు. గూడెంలో మేష్టరుగారబ్బాయి, రోజూ ప్యాసింజరులో వచ్చి వెళ్తాడు. నజ్మాది ఏలూరే. తంగెళ్లమూడిలో తివాచీలు నేసే అబ్దుల్ జబ్బార్ కూతురు. బీకాం చదివి, ఇంటింటికీ తిరిగే సర్వేల్లో చేరి, మనుషుల చేత మాట్లాడించడంలో మంచి పేరు తెచ్చుకుంది. మగవాళ్లయితే వీధి అరుగు దాకానే వెళ్లగలరు. నజ్మా వంటింట్లోకి వెళ్లి పీట వాల్చుకుని కూర్చునేది.

మర్నాడు ఆమె వెళ్లేసరికి వెంకటకృష్ణ గోడమీది మ్యాపు ముందు నిలబడి ఉన్నాడు. ప్రాంతమంతా చిన్న చిన్న ముక్కలుగా గీసిన మ్యాపు అది. ముక్కకో నంబరు. ముక్కని జోను అంటారు.

"కూర్చోండి. టీ చెప్పమంటారా?"

"వద్దండి. విషయం చెప్పండి ముందు."

అతను చెప్పాడు. రెండేళ్ల క్రితం నజ్మా జట్టు చేసిన ఇంటింటి సర్వేని బట్టి ఒక సూత్రం కట్టారు. ఒక జోనులో ఎన్ని ఇళ్లున్నాయి, ఎంతమంది పనికి పోతారు, ఎంతమంది పిల్లలు బడికెళ్తారు, ఎన్ని మోటారు సైకిళ్లున్నాయి, ఇవి చెబితే అక్కణ్నించి రోజుకి ఎన్ని ప్రయాణాలు పుడతాయో ఆ సూత్రం చెబుతుంది. వెంకటకృష్ణ ఎప్పుడూ ఆ మాటే వాడతాడు, ప్రయాణాలు పుడతాయని. ఇప్పుడు ఆ లెక్క నిజమో కాదో పరీక్ష పెడుతున్నారు. ఊళ్ల మొగదల మనుషుల్ని కూర్చోబెట్టి, వచ్చేపోయే వాళ్లని లెక్కపెట్టించి, దాన్ని సూత్రం చెప్పినదాని పక్కన పెట్టి చూస్తున్నారు.

"తణుకు సరిపోయింది. అత్తిలి సరిపోయింది. భీమడోలు దాకా అన్నీ కాస్త అటూ ఇటూగా సరిపోయాయండి. ఇదిగో, ఇదొక్కటే." అతను గుండుగొలనుకి దక్షిణాన, కొల్లేట్లోకి చొచ్చుకుపోయిన ఒక ముక్క మీద వేలు పెట్టాడు. "జమ్ములంక. మన లెక్క ప్రకారం పుట్టాల్సిన ప్రయాణాల్లో మూడో వంతు కూడా దారి మీద కనబడటం లేదు."

నజ్మా లేచి దగ్గరికి వచ్చి ఆ ముక్క కేసి చూసింది. ఆ ఊరు ఆమె ఎవరికీ అప్పజెప్పలేదు. స్వయంగా తనే చేసింది.

వెంకటకృష్ణ మ్యాపు మీంచి వేలు తీసేశాడు. "చలపతిరావుగారు అడగమన్నారు, నేను కాదు. ఆ ఊరికి నిజంగా వెళ్లారా, లేక గుండుగొలనులో కూర్చుని రాసేశారా అని."

చలపతిరావు హైదరాబాదులో ఉండే పెద్దాయన. ఈ పనంతటికీ ఆయనే బాధ్యుడు. నజ్మా ఆయన్ని రెండుసార్లు చూసింది.

"ఆ ఎండల్లో చెరువు గట్ల మీద నాలుగు రోజులు నడిచానండి" అంది ఆమె. "ప్రతి ఇంట్లోనూ మంచినీళ్లు తాగాను. కావాలంటే వెళ్లి అడగండి."

"నాకు నమ్మకం ఉందండి. అందుకే మిమ్మల్నే మళ్లీ వెళ్లమంటున్నాను. అన్ని ఇళ్లూ అక్కర్లేదు, ముప్ఫై ఇళ్లు చాలు. అప్పుడేం జరిగిందో, ఇప్పుడేం జరుగుతోందో చూసి రండి. నెలాఖరుకి మన లెక్క సరిచూసే పరిశీలకులు వస్తున్నారు. ఈ లోపల ఇది తేలాలి."

అలాగేనండి అని లేచింది. మెట్లు దిగుతూంటే ఆమెని కుదిపింది వెంకటకృష్ణ అడిగిన ప్రశ్న కాదు. జమ్ములంకలో తను అన్న ఒక మాట.

రెండేళ్ల క్రితం ఆ ఊళ్లో మొదటిరోజు ఎవరూ నోరు విప్పలేదు. చెరువులు కొలవడానికి వచ్చిన మనిషనుకుని తలుపులు దగ్గరికేసుకున్నారు. ఇది రోడ్ల కోసం చేస్తున్న సర్వే అని చెప్పండి, అంతకు మించి ఏమీ చెప్పకండి అని శిక్షణలో నేర్పారు. నజ్మా అంతకు మించి చెప్పింది. "మీరు ఎక్కడెక్కడికి వెళ్తున్నారో పూస గుచ్చినట్టు చెప్పారనుకోండి, ఇటు తారు రోడ్డు పడుతుంది. రోడ్డు పడితే బస్సొస్తుంది" అంది. అంతే, తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి చెప్పారు. ఏలూరు మార్కెట్టుకి చేపల గంపలు, కైకలూరు నుంచి ఐసు, చెరువులకి వేసే తవుడూ చెక్కా, గుండుగొలను హైస్కూలు, భీమడోలు ఆస్పత్రి, ఇంటికి ఏడెనిమిది ప్రయాణాలు అవలీలగా లేచాయి. ఆ లెక్క చూసే తర్వాత మ్యాపులో గుండుగొలను నుంచి జమ్ములంకకి ఎర్ర గీత ఒకటి వచ్చింది. వేయబోయే రోడ్లన్నీ ఎర్ర గీతలే.

మర్నాడు పొద్దున్నే గుండుగొలనులో బస్సు దిగి, ఆటో ఎక్కి, ఆటో ఆగిపోయిన చోట నజ్మా దిగింది. అక్కణ్నించి ఒకప్పుడు చేపల లారీలు తిరిగిన గట్టు ఉండేది. ఆ గట్టే ఊరికి దారి. ఇప్పుడు నాలుగు అడుగులకోచోట గండి. కిందటేడు కోర్టు తీర్పు ప్రకారం, సరస్సుకి హద్దు పెట్టిన ఐదో కాంటూరు లోపల చెరువులన్నీ కొట్టేసినప్పుడు గట్లు కూడా పోయాయని ఆమె పేపర్లో చదివింది. చదవడం వేరు, ఆ గండి ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడటం వేరు. నీళ్ల మీద గుర్రపుడెక్క అల్లుకుపోయింది. ఆమె చేసేది లేక నిలబడి ఉంటే అటునుంచి ఒక దోనె వచ్చింది. గడ వేస్తున్నది పోయినసారి పరిచయమైన వరమ్మ.

"ఓలమ్మ, బస్సమ్మాయి కదూ నువ్వు?" అంది వరమ్మ, కళ్లమీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆ పిలుపు విని నజ్మా నవ్వింది. ఊళ్లోకి అడుగుపెట్టాక తెలిసింది, అందరూ ఆమెని ఆ పేరుతోనే గుర్తుపెట్టుకున్నారని. బస్సమ్మాయి వచ్చిందట అని ఇంటింటికీ కబురు పాకింది. పిల్లలు చుట్టూ చేరారు. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. ఇళ్లు సగానికి సగం తాళాలు వేసి ఉన్నాయి.

వరమ్మకి ముప్ఫై అయిదేళ్లుంటాయి. మొగుడు పాపారావు చెరువుల మీద కాపలా ఉండేవాడు. చెరువులు పోయాక నలుగురితో కలిసి ఒరిస్సాలో ఎవరివో చేపల చెరువుల మీదకి పనికి వెళ్లాడు. ఇంట్లో అత్తగారు కాంతం, ఇద్దరు ఆడపిల్లలు. కాంతం అరుగు మీద గోడకి చేరబడి కూర్చుని, నజ్మా గొంతు విని అటు తిరిగింది. రెండు కళ్లలోనూ శుక్లాలు.

"బస్సు ఏ రోజు నుంచమ్మా?" అని అడిగింది ముసలావిడ.

"ఇంకా తెలీదు మామ్మగారూ. మళ్లీ ఒకసారి వివరాలు రాసుకోవడానికి వచ్చాను."

అది అబద్ధం కాదు. అయినా ఆ మాట అన్నాక ఆమె ముసలావిడ మొహం కేసి చూడలేకపోయింది.

కాగితాలు తీసి మొదటి ప్రశ్న అడిగింది. నిన్న మీ ఇంట్లోంచి ఎవరెవరు ఎక్కడెక్కడికి వెళ్లారు?

"ఎక్కడికెళ్తామమ్మా?" అంది వరమ్మ. "గంప నెత్తినెట్టుకుని వెళ్దామంటే అమ్మేందుకు చేపేది? ఇదిగో, కూరకి మట్టుకు దొరుకుతున్నాయి, అంతే."

"పిల్లలు బడికి?"

"పెద్దది మానేసింది. గట్టుంటే సైకిలేసుకు పోయేది. ఇప్పుడు రెండు చోట్ల దోనె మారాలి. చిన్నది ఇక్కడ ఊరి బళ్లోనే."

"మామ్మగారి కళ్లు ఏలూరులో చూపించారా?"

"ఆపరేషను చేస్తామని రమ్మన్నారు, కిందటేడు. అదే నెల్లో గట్లు కొట్టేరు. మళ్లీ ఎవరు తీసుకెళ్తారు? ఈయన లేడు."

ముప్ఫై ఇళ్లూ దాదాపు అదే పాట. వెళ్లాలి, వెళ్లలేదు. వెళ్దామనుకున్నాం, కుదరలేదు. కాగితం మీద మాత్రం వెళ్లాలనుకున్న దానికి గడి లేదు. వెళ్లిన దానికే ఉంది. నజ్మా ఒక్కొక్క ఇంటికీ సున్నా వేస్తూ పోయింది. ఎక్కడో ఒకటి, రెండు.

మధ్యాహ్నం వరమ్మ మట్టగిడసల పులుసు పెట్టింది. తినడం అవగానే పాండురంగారావు వచ్చాడు. ఊళ్లో చేపల సంఘానికి ఆయన పెద్ద, అరవై దాటిన మనిషి. పక్కన కూర్చుని, ఆమె చేతిలో కాగితాల కేసి కాసేపు చూసి, మెల్లిగా అడిగాడు.

"పోయినసారి కంటే తక్కువ వస్తోందా అమ్మా?"

"చాలా తక్కువ వస్తోందండి."

"తక్కువ రాస్తే రోడ్డు ఉంటుందా?"

నజ్మా కాగితాలు ఒళ్లోకి లాక్కుంది. ఆయనకి అది చాలు.

"నేనొక మాటంటాను, ఏమీ అనుకోకండి. పోయినసారి రాసిందే మళ్లీ రాసెయ్యండి. అప్పుడు రాసింది అబద్ధం కాదు కదా? మేం మానుకుని కూర్చున్నామా? దారి లేదు కనక వెళ్లడం లేదు. వెళ్లడం లేదు కనక దారి వెయ్యం అంటే, మరి మేం ఎక్కణ్నించి మొదలెట్టాలమ్మా?"

"నా చేతిలో ఏమీ లేదు బాబాయిగారూ."

"కలం ఉంది కదా" అన్నాడాయన. ఎగతాళిగా కాదు, బతిమాలుతున్నట్టుగానే అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కాగితాలు ముందేసుకుని కూర్చుంది. ఆ ముప్ఫై ఇళ్లకీ ఇంకోసారి ఎవరూ వెళ్లరు. వెళ్లినా ఊరంతా ఆమె రాసిన మాటే చెబుతుంది. రాసెయ్యడం ఎంతసేపు? పైగా రాస్తే తన సర్వే తప్పు కాదని కూడా తేలిపోతుంది. లెక్కపెట్టినవాళ్లే సరిగ్గా లెక్కపెట్టలేదని వదిలేస్తారు. అలా వదిలేస్తే, గుండుగొలను దగ్గర మూడు రోజులు ఎండలో కూర్చుని లెక్కపెట్టిన కుర్రాళ్లని దొంగలంటారు. నిన్న తనని అన్నట్టే.

అబ్దుల్ జబ్బార్ మగ్గం దిగి వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది. తల్లి కమరున్నీసా బియ్యం ఏరుతూ వింటోంది.

"నువ్వు వాళ్లకి మాటిచ్చావా?" అని అడిగాడు తండ్రి.

"మాటివ్వలేదు అబ్బా. బస్సొస్తుందన్నానంతే."

"మాటంటే అదే కదమ్మా."

"రోడ్డు వేసేది నేను కాదుగా."

"అది వాళ్లకెలా తెలుస్తుంది? వాళ్లు చూసింది నిన్నే."

కమరున్నీసా చేట కింద పెట్టి, "తప్పు రాతలు రాస్తే మాత్రం ఆ మాట నిలబడుతుందా? పిల్లని ఎందుకు ఇంకా బాధపెడతారు" అంది. తండ్రి లేచి మళ్లీ మగ్గం దగ్గరికి వెళ్లాడు. నజ్మా కాగితాలు సర్ది సంచిలో పెట్టేసింది. సున్నాలు సున్నాలుగానే ఉన్నాయి.

వెంకటకృష్ణ ఆ కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేశాడు. అతని మొహంలో ముందు ఊరట కనిపించింది. సర్వే తప్పు కాదు, లెక్కపెట్టడం తప్పు కాదు, మధ్యలో ఊరి బతుకే మారిపోయింది. తేడాకి కారణం దొరికింది. కానీ నజ్మా చెబుతూ పోతుంటే ఆ ఊరట కాస్తా జారిపోయింది. ఆమె ఇల్లిల్లూ చెప్పింది. మానేసిన బడి చెప్పింది, కాంతం కళ్లు చెప్పింది.

"వీళ్లు ప్రయాణాలు మానుకోలేదండి. చెయ్యలేకపోతున్నారు. ఆ రెండూ ఒకటే ఎలా అవుతాయి?"

"ఒకటి కాదండి. కానీ సూత్రానికి ఆ తేడా తెలీదు. రోడ్డు మీద కనబడిందే దానికి ప్రయాణం."

"మరి మీరు చెప్పండి దానికి."

వెంకటకృష్ణ కంప్యూటరు ముందు కూర్చుని ఒక పేజీ రాశాడు. గట్లు తెగిపోవడం వల్ల ఈ ఊరి రాకపోకలు ఆగిపోయాయనీ, ఇది మామూలు పరిస్థితి కాదనీ, దారి ఏర్పడితే ప్రయాణాలు మళ్లీ పెరుగుతాయి కనక పాత లెక్కనే ఉంచాలనీ. అది హైదరాబాదు పంపించి, ఆమె ఎదుటే చలపతిరావుకి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు.

చలపతిరావు అరిచే మనిషి కాదు. అంతా ఓపిగ్గా విన్నాడు.

"కృష్ణా, ఆ చెరువులు మళ్లీ వస్తాయా?"

"రావండి. కోర్టు తీర్పుంది."

"చేపలూ, లారీలూ రానప్పుడు పాత ప్రయాణాలు ఎలా వస్తాయి? రోడ్డేస్తే పెరుగుతాయి నిజమే, ఎంత పెరుగుతాయి? ఏ ఆధారంతో రాస్తాం? జాలి చూపించే గడి ఏదీ మన పట్టికలో లేదు నాయనా. పరిశీలకులు మొట్టమొదట వేలు పెట్టేది దానిమీదే. ఆ ఒక్క ఊరి కోసం మిగతా ప్రాంతం లెక్కంతా అనుమానంలో పడుతుంది."

"అయితే తగ్గించి చూపించమంటారా?"

"తగ్గించద్దు, పెంచద్దు. జమ్ములంక జోనుని గుండుగొలను జోనులో కలిపెయ్. ఆ పెద్ద ఊళ్లో ఈ తేడా కలిసిపోతుంది. పరీక్ష గట్టెక్కుతుంది. అందరూ చేసేదే ఇది." ఫోను పెట్టేసే ముందు ఆయన ఇంకో మాట అన్నాడు. "సర్వే చేసిన అమ్మాయిని నేను అనుమానించాను. తప్పయిందని చెప్పు."

నజ్మాకి మొదట ఒక క్షణం గుండె తేలికైంది. సున్నాలు ఎక్కడా కనబడవు. ఊరు తక్కువైందని ఎవరూ రాయరు. వెంకటకృష్ణ మీటలు నొక్కుతూ ఉంటే ఆమె తెర మీది మ్యాపు కేసి చూస్తూ కూర్చుంది. జమ్ములంక చుట్టూ ఉన్న గీత చెరిగిపోయింది. దాని నంబరు పోయింది. గుండుగొలను ముక్క కిందికి సాగి కొల్లేటి నీళ్లని కూడా తనలో కలిపేసుకుంది.

"మరి ఆ ఎర్ర గీత అండీ?"

అతను తెర మీంచి కళ్లు తిప్పలేదు. "ఒక జోను నుంచి ఇంకో జోనుకి వెళ్లేవాళ్ల కోసమే మనం రోడ్లు చూపిస్తామండి. ఒకే జోను లోపల తిరిగే దారులు ఈ లెక్కలోకి రావు."

"అంటే తీసేస్తారా?"

"తియ్యక్కర్లేదు. అటు వెళ్లేవాళ్లు ఎవరూ లేరని చూపిస్తుంది కనక రెండోసారి లెక్క నడిపినప్పుడు దానంతట అదే పోతుంది."

తను అబద్ధం రాసి ఉంటే ఆ గీత ఉండేది. ఆ సంగతి అంత తేటగా తెలిశాక నజ్మా సంచి తీసుకుని లేచింది. వెంకటకృష్ణ తాను రాసిన పేజీని నివేదిక చివర అనుబంధంగానైనా పెట్టిస్తానన్నాడు. పెట్టించాడు కూడా. చలపతిరావు దాన్ని రెండు వాక్యాలకి కుదించి ఉంచాడు. నెలాఖరుకి పరిశీలకులు వచ్చి చూసి, బాగుందన్నారు.

జమ్ములంకకి వెళ్లి ఈ మాట చెప్పమని ఆమెని ఎవరూ అడగలేదు. పైగా వెంకటకృష్ణ వద్దన్నాడు కూడా. "మన పని కాదండి అది. నివేదిక ఇంకా బయటికి రాలేదు. రోడ్లు ఖరారయ్యేసరికి ఎన్నేళ్లో, అప్పటికి ఎవరుంటారో." ఆమె తల ఊపి, ఆ ఆదివారమే బయల్దేరింది. బస్సమ్మాయి అని పిలిపించుకుంటూ ఇంకో ఏడాది ఉండటం తన వల్ల కాదనిపించింది.

ఈసారి గండి దగ్గర దోనె కోసం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. ఊళ్లోకి వెళ్లాక నజ్మా వరమ్మ ఇంటి అరుగు మీదే కూర్చుని, నలుగురూ చేరేదాకా ఆగి చెప్పింది. రోడ్డు రాదని తెలిసిందనీ, బస్సు కూడా రాదనీ, ఆ రోజు తను అలా అనకుండా ఉండాల్సిందనీ. మ్యాపులు, జోన్లు ఏవీ చెప్పలేదు. అవి చెప్పుకుంటే తప్పించుకుంటున్నట్టు ఉంటుందని మానేసింది.

ముందు పాండురంగారావే అడిగాడు. "నేను చెప్పినట్టు రాయలేదా అమ్మా?"

"లేదండి."

"రాసుంటే?"

అబద్ధం చెప్పడానికి అదే చివరి అవకాశం. రాసినా అంతేనండి అంటే సరిపోయేది. "రాసుంటే బహుశా ఉండేదండి" అంది నజ్మా.

ఆయన లేచాడు. పైపంచ దులుపుకుని భుజాన వేసుకున్నాడు. "నిజం చెప్పడానికి ఇంత దూరం వచ్చావు. మంచిదే. నీకు బరువు దిగింది" అని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. అంతవరకు అండి అన్న మనిషి నువ్వు అన్నాడు. ఆయన వెనకే మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచారు.

కాంతానికి సగమే వినబడింది. "ఏ రోజంటున్నారే?" అని కోడల్ని అడిగింది.

"రాదంట అత్తా" అంది వరమ్మ.

తిరుగు ప్రయాణానికి దోనె ఎవరూ తియ్యకపోతే వరమ్మే గడ తీసుకుంది. సగం దూరం దాకా గుర్రపుడెక్క పక్కకి తొయ్యడమే పనిగా పోయింది. తర్వాత వరమ్మ మాట్లాడింది, ముందుకే చూస్తూ.

"మా చెల్లెలు గూడెంలో ఉల్లిపాయల యార్డులో చేస్తోంది. చెరువులు పోయినప్పుడే రమ్మంది. అక్కడ బడి దగ్గర, ఆస్పత్రి దగ్గర. ఈయన కూడా వెళ్లిపోదాం పదమన్నాడు. నేనే వద్దన్నాను. రోడ్డొస్తుందంట, బస్సొస్తుందంట, ఒక్క ఏడాది చూద్దాం, ఇల్లొదులుకుని పోతే మళ్లీ రాలేం అన్నాను. అందుకని ఆయనొక్కడే ఒరిస్సా పోయాడు."

నజ్మా దోనె అంచు పట్టుకుని కూర్చుంది.

"నీ మాట ఒక్కటే పట్టుకుని ఉన్నానని కాదులే" అంది వరమ్మ కాసేపటికి. "వెళ్లడం ఇష్టం లేక ఏదో ఒకటి కావాల్సొచ్చింది. అది దొరికింది."

"నన్ను క్షమించండి వరమ్మక్కా."

"దిగు, ఇక్కడ లోతు లేదు" అంది వరమ్మ.

ఏలూరు వచ్చాక నజ్మా ఊరుకోలేదు. వెంకటకృష్ణని పట్టుకుని, కాంతం ఆపరేషను సంగతి ఆస్పత్రిలో మాట్లాడించింది. రోజు ఖాయం చేయించి, తనే వచ్చి తీసుకెళ్తానని గుండుగొలనులో ఆటో అతని చేత వరమ్మకి కబురంపింది. వాళ్లు రాలేమన్నారని తిరుగు కబురు వచ్చింది. ఎందుకో ఆటో అతనికి తెలీదు. మరో రెండు వారాలకి మళ్లీ అడిగించింది. ఈసారి ఏ కబురూ రాలేదు.

ఆగస్టులో సరుకు లారీల లెక్క కోసం ఆమెని తాడేపల్లిగూడెం ఉల్లిపాయల యార్డు దగ్గర వేశారు. రెండో రోజు మధ్యాహ్నం నీడ కోసం లోపలి షెడ్డులోకి వెళ్తే, ఉల్లిపాయలు ఏరుతున్న ఆడవాళ్లలో వరమ్మ కనబడింది. ముందు వరమ్మే చూసింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుని లేచి వచ్చింది.

"బావున్నావా?" అంది. బస్సమ్మాయి అనలేదు.

"బావున్నాను. మీరెప్పుడొచ్చారు?"

"బళ్లు తెరిచే ముందు వచ్చేశాం. పిల్లలిద్దర్నీ ఇక్కడ చేర్పించాను. పెద్దదాన్ని ఒక క్లాసు వెనక్కి వేశారు."

"మామ్మగారు?"

"రానంది. ఆ ఇల్లు కదల్నంది. పక్కింటావిడ గంజి కాచి పోస్తోంది. నెలకోసారి వెళ్లి చూసొస్తాను." వరమ్మ కాస్త ఆగింది. "ఇక్కణ్నించి వెళ్లి రావడానికి రెండ్రోజులు పోతున్నాయి."

నజ్మా ఇంకా ఏదో అడగబోయింది. అంతలో షెడ్డు అవతలి నుంచి ఎవరో కేకేస్తే వరమ్మ, "ఉంటానమ్మా, ఊరుకోరు" అని వెనక్కి తిరిగింది. ఇల్లు ఎక్కడో చెప్పలేదు. ఒకసారి వచ్చి వెళ్లమని కూడా అనలేదు. నజ్మా ఆమె మళ్లీ కింద కూర్చుని కుప్ప ముందుకు లాక్కునేదాకా చూసి, గేటు దగ్గరికి వచ్చేసింది. అప్పటికే రెండు లారీలు లెక్కలో తప్పిపోయాయని అక్కడున్న కుర్రాడు చెప్పాడు. పర్లేదులే, తప్పిపోయాయనే రాసుకో అని ఆమె స్టూలు మీద కూర్చుంది.